గంగాధర్ బిగించిన కేబుల్

గంగాధర్‌కు వదులు పోగు కండ్లబడితే పానమాగదు. మరాఠోళ్ల పట్నంల, తెలుగు నేతగాళ్లుండే దాజీ పేట్ల ముప్పై ఏండ్లు మరమగ్గాలు బాగుచేసే జాబర్‌గ పనిజేసిండు. పడుగు వదులైతే బట్ట పాడైతదని ఎంతమందిని తిట్టిండో లెక్కలేదు. రిటైరయినా ఆ బుద్ధి పోలే. జేబుల బోల్టులు తిప్పే పానా, నోట్లె సలహా పెట్టుకొని గల్లీలన్ని తిరుగుతడు. వైరైనా పోగైనా ఒకటే అంటడు. పిలువకున్నా పోతడు, అదే బాధ.

ఆ ఆదివారం మాత్రం పిలిచిన పనే. బిడ్డ ప్రణాలి కంప్యూటర్ల చద్దరు డిజైన్ గీసింది. దాన్ని నేతగాళ్ల సొసైటీ హాల్ల మెంబర్లకు చూపియ్యాలె. వాళ్లు సరేనంటే మగ్గమెక్కుతది, లేకుంటే మల్ల పాత నెమలి బొమ్మ చద్దరే. పిల్ల ఆర్నెల్ల కష్టం ఆ ఒక్క గంటల తేలాలె. హాలు నడుమ లావు స్తంభం అడ్డముండంగ అటొక టీవీ, ఇటొక టీవీ పెట్టి రెండింటినీ ల్యాప్‌టాప్‌కు కలిపిన్రు.

ఎడమ టీవీ వచ్చింది. కుడిది నల్లగనే ఉన్నది. ఖర్మగాలి, మాట చెల్లే అధ్యక్షుడు అంబాదాస్ కూసున్నది కుడిదిక్కే.

ప్రణాలి సెట్టింగులు చూసింది. ల్యాప్‌టాప్ బంద్ చేసి మల్ల షురూ చేసింది. ఊహుఁ, రెండో టీవీ ఒకటున్నదనే దానికి తెల్వదు.

"జరుగు బిడ్డా," అని గంగాధర్ కిందికి వంగిండు. తెగిన పోగు వెతికినట్టు, టీవీ కాడికెల్లి కేబుల్‌ను వేళ్లతోని తడుముకుంట ల్యాప్‌టాప్ దాంక వచ్చిండు. యాడా తెగలే. రెండు దిక్కులా పిన్నులు పీకి మల్ల పెట్టిండు. కుడి టీవీ వెలిగింది.

మీసం దువ్వుకున్నడు. అక్కడితోని ఊకుంటే గంగాధర్ ఎట్లయితడు? నేలమీద వదులుగ పడున్న కేబుల్ చూసి మనసొప్పలే. గుంజి, స్తంభానికి నేతగాని ముడేసి బిగగట్టిండు. టీవీ నల్లబడ్డది.

ముడి విప్పి పిన్ను పెట్టిండు, వెలిగింది. మల్ల కట్టిండు, ఆరింది. మూడోపారికి అంబాదాస్ గడియారం చూసుకొని "కితీ వేళ్, గంగాధర్? ఇంకెంతసేపు?" అన్నడు. ప్రణాలి పెదవి కొరుక్కుంటున్నది. బిడ్డ కష్టం తన చేతులనే ఆగమైతున్నదని గంగాధర్‌కు భయమైంది.

ఆయన భార్య ద్రౌపది వెనుక వరుసల చాట ఒళ్లె పెట్టుకొని, బీడీలు చుట్టుకుంట ఇదంత చూస్తున్నది.

"ఏందయ్యా, నువ్వు కట్టినప్పుడల్ల అది సస్తున్నది. నీ గుంజుడుకు ల్యాప్‌టాప్ కాడ పిన్ను ఊడొస్తున్నది," అన్నది. "తెగేదాంక గుంజొద్దని పెండ్లైనప్పటికెల్లి చెప్తున్న."

 గంగాధర్ ముడి విప్పి, పిన్ను లోపలికి నొక్కి, కేబుల్‌ను నేలమీదనే వదిలేసిండు. రెండు టీవీలు ఆరకుంట నిలబడ్డయ్.

ప్రణాలి చెప్పుడు మొదలువెట్టింది. గంగాధర్ తెర దిక్కే చూడలే, వదులు కేబుల్‌కు కావలి కూసున్నడు. నడుమ ఒకపారి హాలంత నవ్వి తన దిక్కు చూసేసరికి, పిన్ను ఊడిందనుకొని దానిమీదికి ఉరికిండు. ఇంక నవ్విన్రు. ఆఖరికి అంబాదాస్ లేచి, ముందుగాల ఇరవై చద్దర్లు నేసి చూద్దమన్నడు.

అందరు పోయినంక ద్రౌపది అడిగింది. "బిడ్డ డిజైన్ ఎట్లున్నది?"

"నేను కేబుల్‌ను చూస్తున్నగదా," అన్నడు గంగాధర్ సిగ్గుపడుకుంట. "బిడ్డా, నాకోపారి చూపియ్."

ప్రణాలి తండ్రి ఒక్కనికోసం రెండు టీవీలమీద పెట్టింది. చద్దరు అంచు పొడుగూత తునికాకులు, బీడీలకు తల్లి కత్తిరించినట్టే. నాలుగు మూలలకు నాలుగు చిన్న పానాలు.

గంగాధర్ చెయ్యి జేబులకు పోయింది. అందరు ఎందుకు నవ్విన్రో అప్పుడు తెలిసింది. కండ్లు తడిసినయ్.

"పానా జర వంకరున్నది," అన్నడు.

"సక్కగ చెయ్యాల్నా నాయినా?"

"వద్దు బిడ్డా. అట్లనే ఉండనియ్."