ఏసీ గదిలో కట్టిన లెక్క

పాల్మాకుల స్వరూప కోతలు మొదలుపెట్టిందంటే పైన పోయే విమానాలు కూడా ఆగి వినాల్సిందే. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్ పెట్టె ఎంత వేడెక్కుతుందో కంప్యూటర్ మీద నడిపించి ముందుగానే చెప్పడం ఆమె ఉద్యోగం. "డెబ్బై డిగ్రీలు దాటితే నా పేరు మార్చుకుంట!" అని రావిర్యాల ఆఫీసంతా చాటేసింది.

మే నెల మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డులో అసలు పెట్టెను నడిపారు. వేడి ఎనభై దాటగానే అది దానంతటదే ఆగిపోయింది.

తోటి ఇంజినీరు శివరామకృష్ణ నవ్వాడు. "కొత్త పేరు ఏం పెట్టుకుంటారండీ? సాయంత్రంలోగా మీ లెక్క కుదరకపోతే ఈ పని నాకిచ్చేస్తామని పైవాళ్లు అన్నారు."

స్వరూప ఆఫీసుకు పరుగెత్తింది. చల్లటి గదిలో కూర్చుని లెక్కంతా తిరగేసినా తప్పు దొరకలేదు. విసుగ్గా మళ్లీ షెడ్డుకు వెళ్లి తలుపు గడియ పట్టుకోగానే చెయ్యి చుర్రుమంది. ఆమె అక్కడే నిలబడి పకపకా నవ్వింది.

"అన్నా, జర ఇటు రా! పెట్టెను చల్లబరిచే గాలి ఇరవై అయిదు డిగ్రీలని రాసిన. ఏసీల కూసున్న కంప్యూటర్‌కు మన ఎండ సంగతి ఏం తెలుస్తది?"

గాలిని నలభై మూడుకు మార్చగానే తెర మీద ఎరుపు పాకింది. అచ్చం షెడ్డులో లాగే వేడి ఎనభై దాటింది.

"పని మీదేనండీ," అని శివరామకృష్ణ చేతులు జోడించాడు. "మరి పేరు?"

"మాటంటే మాటే. ఇగ నన్ను ఎండల స్వరూప అను!"

ఆ కబురు ఆమె ఊరు పాల్మాకుల చేరేసరికి, సూర్యుడు కూడా ఆమెను అడిగే వేడెక్కుతున్నాడని తేలింది.