ఎంత తరిగినా విడిపోని సంఖ్య

మా రాజపాళయం తెలుగిళ్లలో ఒక వింత ఉంది. తిట్టుకున్నా ముద్దు చేసుకున్నా తెలుగులోనే. లెక్క దగ్గరకొచ్చేసరికి మాత్రం నోరు అరవంలోకి తిరుగుతుంది. మేం చదివింది అరవం బడిలో మరి. నాన్న ఆ బడిలోనే లెక్కల మాస్టారు.

పోయినేడు నాన్నకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఏం అడిగినా చూపు గోడ మీదే. మా మాటలు ఆయనకి అర్థమవుతున్నాయో లేదో డాక్టరు తేల్చి చెప్పలేకపోయాడు. ఇంట్లోవాళ్లు మాత్రం తేల్చేసుకున్నారు. సేత్తూరు నుంచి చూడ్డానికి వచ్చిన చిన్నాయన, నాన్న పక్కనే కూర్చుని నాతో అన్నాడు: "ఎన్ని మాట్లు పిలిచినాను, చూసినావా? అన్నకి ఏమీ తెలియలేదు పాపా. ఇంగ ఏం చేసేది."

"నాన్న ఈడనే ఉండాడు చిన్నాయనా," అన్నాను. ఒళ్లు మండిపోయింది నాకు.

ఆ కోపంలోనే గోడనున్న దినసరి క్యాలెండర్ కాగితం ఒకటి చించి, నాన్నకి ప్రాణమైన సంఖ్య రాశాను. నా చిన్నప్పుడు ఆయన చూపించినది: 73939133. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగం పోదు. కుడిచివరి అంకెను బొటనవేలితో మూసేస్తే 7393913. అదీ అంతే. ఇంకోటి మూస్తే అదీ అంతే. అలా మూసుకుంటూ పోతే ఆఖరికి ఒంటరి 7 మిగులుతుంది, అదీ దేనికీ లొంగదు. సంఖ్యలకి అంతు లేదు గానీ, ఈ గుణం ఉన్నవాటిలో ఇంతకంటే పెద్దది లేనే లేదు. అది విన్న రోజు ఒళ్లు జలదరించింది నాకు. దాన్ని ఎవరూ చేసిపెట్టలేదు. మనుషులే పుట్టకపోయినా అది అలాగే ఉండేది. తలుచుకుంటే ఇప్పటికీ అంతే ఆశ్చర్యం, కాస్త భయం కూడా.

కాగితం నాన్న ముందు పెట్టి ఒక్కో అంకే అరవంలో చదివాను. అన్నాళ్లూ ఆయన్ని అందరం తెలుగులోనే పలకరించాం. లెక్కల భాషలో పిలవాలని ఎవరికీ తట్టలేదు. నాన్న చూపు గోడ మీంచి కాగితం మీదకి దిగింది. చాలాసేపు చూశాడు. ఎడమచెయ్యి ఎత్తి చివరి అంకె మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

"మూణు," అన్నాడు.

చూస్తే కొసన మూడుకి బదులు ఒకటి రాశాను, చదవడం కూడా అలాగే చదివాను. అంకెలన్నీ కూడితే ముప్పై ఆరు. అంటే నేను రాసింది తొమ్మిదితో శుభ్రంగా భాగం పోతుంది. అంత తప్పుని నాన్న ఊరుకుంటాడా? నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

చిన్నాయన లేచి నిలబడ్డాడు. "అన్నా," అన్నాడు.

అమ్మ వంటింటి గడపలో కాఫీ గ్లాసుతో ఆగిపోయింది. రోజూ ఏమీ అడక్కుండా చెంచాతో తాగించి మూతి తుడిచి వెళ్లే మనిషి, ఆ పూట ఒక చెంచా పోసి, నాన్న మొహంలోకి చూసి, "ఏమండీ, సక్కెర సాలునా?" అని అడిగింది. అడిగి, జవాబు కోసం ఆగింది.