అరవై సెకన్లలో పట్టని సంతకం

ఇస్త్రీ పెద్దమ్మకు చదువు రాదు గానీ సంతకం వచ్చు. నలభయ్యో ఏట ఇల్లు ఆమె పేరిట రాసిన రోజున రిజిస్ట్రారాఫీసు గుమాస్తా ఆమె బొటనవేలిని సంతలో వంకాయను నొక్కి చూసినట్టు పట్టుకుని సిరాలో ముంచాడు. ఆ మంటతో ఇంటికొచ్చి, పక్కింటి పంతులమ్మ చేత పేరు రాయించుకుని ఆరు నెలలు దిద్దింది. ఏడు అక్షరాలు. ఒక్కో అక్షరానికి ఒళ్లంతా వంగుతుంది, నాలిక బయటికొస్తుంది. మొత్తం నాలుగు నిమిషాలు. తొందరపెట్టినవాడికి తిట్లు అదనం.

ఇప్పుడు ఆమె ఇస్త్రీ చేసే కొట్టును యజమాని అమ్మకానికి పెట్టాడు. శుక్రవారంలోగా తేల్చకపోతే చెప్పులవాడికి ఇచ్చేస్తానన్నాడు. ఇల్లు తాకట్టు పెడితే కొట్టు దక్కుతుంది.

"కాగితాలు అక్కర్లేదు పెద్దమ్మా, కొత్త చట్టం వచ్చింది. తాకట్టు పత్రానికి ట్యాబు మీదే సంతకం" అన్నాడు బ్యాంకు ఆఫీసరు. అతని అయిదు చొక్కాలూ ఆమెకు తెలుసు. మూడింటికి కాలర్లు చిరిగాయి.

గురువారం పొద్దున వెళ్లి వేలు పెట్టింది. ముప్పై ఏళ్లు ఇస్త్రీ పెట్టె పట్టి మొద్దుబారిన వేలు, ఆ గాజు తెరకు ఆనలేదు. తడిచేసి మళ్లీ పెట్టింది. రెండో అక్షరం దగ్గర తెర ఖాళీ అయిపోయింది.

"టైమైపోయింది. అరవై సెకన్లే ఇస్తుంది."

"దానికేం కొంప మునిగిందట?"

మూడుసార్లూ అదే తంతు. ఆఫీసరు చెమట తుడుచుకున్నాడు. "ఇదిగో, మీ పేరు మిషనే మూడు రకాలుగా రాసిచ్చింది. ఒకటి నొక్కండి, చెల్లుతుంది."

మూడూ వయ్యారంగా ఉన్నాయి. "బాగున్నాయి నాయనా. ఇల్లు నాదీ, సంతకం దీనిదీనా? రేపు వాయిదాలు కూడా ఇదే కడుతుందేమో అడుగు."

"నొక్కేయండి అత్తయ్యా!" వెంట వచ్చిన కోడలు మోచేత్తో పొడిచింది. "కొట్టు పోతే పెట్టె నెత్తినెట్టుకుని వీధులు తిరగాలి."

"తిరుగుతాను. నువ్వు నోరుముయ్యి."

అన్నదే గానీ, ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుంది. తడి వేలితో పేరు రాస్తుంటే కోడలు ఫోనులో లెక్కపెట్టింది. రెండు నిమిషాల పది. నిమిషం నలభై.

"ఆ నాలిక లోపల పెట్టండి అత్తయ్యా, దానికే పది సెకన్లు పోతున్నాయి!"

"నీ లెక్క పాడుగాను, మళ్లీ పెట్టు."

సాయంత్రానికి నిమిషం అయిదు. అక్షరాల కింది ఒత్తులకు సోకులు తగ్గించింది.

శుక్రవారం పది గంటలకు బ్యాంకులో, యాభై ఎనిమిది సెకన్లు. తెర పచ్చబడింది. ఆఫీసరు ఊపిరి పీల్చుకుని, "అమ్మయ్య! ఇంక మిగతా పది పేజీలకీ దీన్నే అతికించేస్తాను. సరే అనండి చాలు" అన్నాడు.

"అతికించడానికి అదేమన్నా నీ ప్యాంటు మాసికా? రెండో పేజీ తియ్యి."

వెనక లైనులో ఎవరో ఉసూరుమన్నారు. పెద్దమ్మ కుర్చీ ముందుకు లాక్కుని, నీళ్ల గ్లాసులో వేలు ముంచింది. ఏడో పేజీ మాత్రం రెండుసార్లు పెట్టాల్సొచ్చింది. ఆఫీసరు తుమ్మాడు, అందుకు. పదకొండున్నరకు పత్రం పూర్తయింది. చెప్పులవాడు ఇంకో కొట్టు వెతుక్కున్నాడు.