పాత డిస్క్‌లో లేని నాలుగు నిమిషాలు

దెయ్యాలని, ఆత్మలని ఎవరైనా మొదలుపెడితే అందరికన్నా ముందు నవ్వేది నేనే. పాడైన కంప్యూటర్లు బాగుచేసి బతికేవాణ్ణి. మెషిన్ ఏ పని చేసినా దానికో కారణం ఉంటుందని, అది మనకి ఇంకా దొరకలేదంతేనని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ దాదాపు అలాగే నమ్ముతాను. ఆ ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం పక్కన పెట్టాలి.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చి ఆరేడేళ్ళయిన రోజులవి. భిలాయిలో కొన్ని బోర్డుల మీద కొత్త రంగు కింద నుంచి 'మధ్యప్రదేశ్' అన్న అక్షరాలు ఇంకా కనిపిస్తుండేవి. సెక్టర్ 2 మార్కెట్లో నాదొక చిన్న కొట్టు.

ఒకరోజు ఉదయం పదింటికి సలోమీ ఆంటీ వచ్చింది. ఆవిడ భర్త దేవదానం గారు స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి, రెండేళ్ళ క్రితం పోయారు. వాళ్ళది విజయనగరం వైపు. మా నాన్నగారు, ఆయన ఒకే షిఫ్టులో పనిచేశారు. ఆవిడ చేతిలో ఆయన లాప్‌టాప్ ఉంది, తువ్వాలులో చుట్టి తెచ్చింది.

ఆన్ చేస్తే లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. హార్డ్ డిస్క్ పోయే ముందు చేసే చప్పుడది. నలభై జీబీ డిస్క్ అంచుల దాకా నిండిపోయి ఉంది. చర్చి పాటలు, పెళ్ళిళ్ళ వీడియోలు, ఫొటోలు.

"కొత్తది పెద్దది వేసి, ఇందులో ఉన్నదున్నట్టు అందులోకి దించీగలవా బాబూ? ఒక్కటీ పోకూడదు," అంది.

దాన్నే క్లోనింగ్ అంటారు. పాత డిస్క్‌లో మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఏముంటే అదే కొత్త డిస్క్‌లోకి దిగుతుంది. చోటు పెరుగుతుంది గానీ సరుకు పెరగదు. ఆవిడకి అలాగే చెప్పాను.

"ముందు ఒకటి విను," అని ఒక ఫైలు చూపించింది. అందులో దేవదానం గారి గొంతు ఉంది. గొంతులో పుండుకి ఆపరేషన్ చేయించుకోవడానికి రాయపూర్ వెళ్ళే ముందు రోజు, ఒక మే నెల మధ్యాహ్నం, ఆయన కూతురి కోసం మాట్లాడి పెట్టారు.

ఆ కూతురు లిల్లీ. ఇక్కడే పుట్టి పెరిగింది. దుర్గ్‌లో ఒక ఛత్తీస్‌గఢీ అబ్బాయిని చేసుకుంది. అది ఇష్టం లేక తండ్రి మూడేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. ఆపరేషన్ తర్వాత ఆయనకి మళ్ళీ తెలివి రాలేదు.

రికార్డింగ్‌లో ఆయన గొంతు బొంగురుగా ఉంది. వెనక కూలర్ చప్పుడు గట్టిగా వినిపిస్తోంది. లిల్లీ చిన్నప్పటి సంగతులు, బడి, జ్వరాలు అన్నీ చెప్పుకొచ్చి, చివర ఇలా అన్నారు: "లిల్లీ, నాన్న నా మొహం చూడ్డానికి రానేదని నువ్వు అనుకుంటున్నావ్. కానీ..."

అక్కడితో ఆగిపోయింది. డిస్క్‌లో చోటు అయిపోయి రికార్డింగ్ దానంతటదే నిలిచిపోయింది. ఆయన చూసుకోలేదు.

"ఆయన ఆ తరవాత కూడా చానాసేపు మాటాడినారు బాబూ. నేను వంటింట్లో ఉన్నాను. గొంతు వినబడతన్నాది, మాటలు తెలీనేదు. ఆ 'కానీ' తరవాత ఏటున్నాదో అని లిల్లీకి ఒకటే బెంగ. మా ఇంటికి రావడమే మానీసింది. ఉన్నకాడికైనా భద్రంగా దానికి ఇచ్చీదామని."

ముఖ్యమైన ఫైళ్ళుంటే వాటి వివరాలు జాబ్ షీటు మీద రాసి, వచ్చినవాళ్ళ చేత సంతకం పెట్టించడం నా అలవాటు. ఆ ఫైలు పేరు రాశాను. నిడివి పదకొండు నిమిషాల నలభై సెకన్లు. ఆంటీ సంతకం పెట్టింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

కొత్త నూట అరవై జీబీ డిస్క్‌ని తగిలించి పని మొదలుపెట్టాను. సాయంత్రం రమ్మంటే ఆవిడ వెళ్ళలేదు. ఒడిలో చేతులు పెట్టుకుని, తెర మీద పెరుగుతున్న అంకెల్నే చూస్తూ నాలుగు గంటలు కూర్చుంది. మధ్యలో రెండుసార్లు టీ తెప్పించాను. ఒక్క తప్పు కూడా లేకుండా పని పూర్తయిందని తెర మీద వచ్చింది.

కొత్త డిస్క్ లోపల బిగించి ఆన్ చేశాను. చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఆవిడకి చూపించడానికి ఆ ఫైలే మొదట పెట్టాను.

నిడివి పదిహేను నిమిషాల యాభై రెండు సెకన్లు అని ఉంది.

లెక్క తప్పు చూపిస్తోందనుకున్నాను. అప్పుడప్పుడు అలా చూపిస్తుంది. చివరికి జరిపి వినిపించాను. "...రానేదని నువ్వు అనుకుంటున్నావ్. కానీ..."

"వచ్చానమ్మా," అన్నారు దేవదానం గారు.

నా చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. ఆపబోతున్నానేమో అనుకుని ఆంటీ నా మణికట్టు పట్టుకుంది. "ఆపకు బాబూ."

ఆయన చెప్పింది ఇది. లిల్లీకి పాప పుట్టిన రోజు ఆయన ఆసుపత్రికి వెళ్ళారు. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. మెట్ల దగ్గర ఒక ఆయాకి పసుపు రంగు ఉన్ని దుప్పటి ఇచ్చి, చలికాలం కదా పాపకి కప్పమని, పేరు మాత్రం చెప్పొద్దని అన్నారు. బయట టీ కొట్టు వెనక అల్లుడు ఒక్కడే నిలబడి, సంతోషం పట్టలేక ఏడుస్తుంటే చూశారు. "అప్పుడే నా తప్పు నాకు తెలిసిపోనాది. ఎల్లి బుజం మీద చెయ్యేద్దామనుకున్నాను. ఎయ్యనేకపోనాను. అమ్మని ఒక్కర్తినీ ఉంచకు." కుర్చీ జరిగిన చప్పుడు. అంతే.

ఇంకొకటి కూడా చెప్పాలి. 'కానీ' దాకా కూలర్ హోరు ఉంది. 'వచ్చానమ్మా' దగ్గర్నుంచి అది లేదు. ఆ రోజు కూలర్ ఆపలేదని ఆంటీ ఖాయంగా చెప్పింది.

ఆవిడ భయపడలేదు. చెంగుతో మొహం తుడుచుకుని, "లిల్లీకి ఫోన్ చెయ్యి," అంది.

లిల్లీ గంటలో దుర్గ్ నుంచి స్కూటీ మీద వచ్చింది. నేను ముందుగా ఏమీ చెప్పలేదు. ఫైలు పెట్టి కొట్టు బయటికి వచ్చి నిలబడ్డాను. కాసేపటికి లోపల్నుంచి ఏడుపు వినిపించింది. నేను వెళ్ళేసరికి తల్లీ కూతురూ ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు.

"భయ్యా, ఆ కంబల్, ఆ పసుపు దుప్పటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది," అంది లిల్లీ. "ఎవరో అంకుల్ ఇచ్చారని ఆయా చెప్పింది. మేము ససురాల్ వాళ్ళు, మా అత్తింటివాళ్ళు ఎవరో అనుకున్నాం. మా ఆయన ఏడ్చిన సంగతైతే నాకే తెలీదు. కిసీకో నహీ పతా థా, ఎవ్వరికీ తెలీదు."

అక్కడే అతనికి ఫోన్ చేసింది. టీ కొట్టు వెనక ఏడ్చావా అంటే, "నీకెవరు చెప్పారు?" అని అడిగాడట.

వాళ్ళు మాట్లాడుకుంటుండగా నేను పాత డిస్క్ మళ్ళీ తగిలించాను. టిక్కు టిక్కుమంటూనే తెరుచుకుంది. అదే ఫైలు. పదకొండు నిమిషాల నలభై సెకన్లు. 'కానీ' దగ్గర ఆగిపోయింది. రెండుసార్లు విన్నాను.

పాత డిస్క్‌లో ఎక్కడో దాగిన రికార్డింగ్ ముక్కలు కాపీలో కలిసి ఉంటాయని తర్వాత నాకు తెలిసిన ఇంజనీరు ఒకాయన అన్నారు. నాకూ మొదట అదే తట్టింది. కానీ ఆ డిస్క్‌లో నాలుగు నిమిషాల మాట దాక్కునేంత ఖాళీ లేదు. ఖాళీ లేకే కదా రికార్డింగ్ ఆగింది. ఆ రోజు ఆంటీ వెళ్ళబోతుంటే, రెండు డిస్క్‌లూ రాయపూర్ తీసుకెళ్ళి ఈ పని బాగా తెలిసినవాళ్ళకి చూపిస్తానని అడిగాను.

"ఒద్దు బాబూ. విప్పి చూసి ఏటి చేస్తావు?" అని రెండు డిస్క్‌లూ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ నెలలోనే లిల్లీ వాళ్ళు ఆవిడని దుర్గ్ తీసుకెళ్ళి తమ దగ్గర పెట్టుకున్నారు.

ఆ తర్వాత నేను కొన్ని వందల డిస్క్‌లు క్లోన్ చేశాను. ప్రతిసారీ ముందూ వెనకా నిడివి చూస్తాను. ఒక్క సెకను తేడా ఎప్పుడూ రాలేదు. ఆ రోజు ఎందుకు వచ్చిందో నాకు తెలీదు, నేను నేర్చిన ఏ చదువూ నాకు చెప్పలేదు.

మా అమ్మ పోయాక ఆవిడ గొంతు నా దగ్గర మిగిలింది ఇరవై సెకన్లు. అన్నం తినేసి వెళ్ళమని నన్ను కేకేస్తుంది, మధ్యలో తెగిపోతుంది. దాన్ని ఇప్పటికి మూడుసార్లు కొత్త డిస్క్‌లలోకి మార్చాను. మార్చిన ప్రతిసారీ తలుపు వేసుకుని చివరిదాకా విన్నాను.

ఇరవై సెకన్లే.