చుట్టాలు లేని దారి

ఆ రోజుల్లో సాహసమంటే ఏమిటో మాకు బాగానే తెలుసు. చేయడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు, అంతే. ఇప్పటి పిల్లలు శుక్రవారం సాయంత్రం అనుకొని శనివారం పొద్దునకల్లా ఏదో కొండ మీద నిలబడి ఫొటోలు పెడుతున్నారు. మేము ఒకే ఒక్క సైకిలు యాత్రకు వేసవంతా పథకం వేశాం. ఆ పథకంలో చూపిన ఓపిక, తెలివి తొక్కడంలో చూపించి ఉంటే ఈపాటికి హిమాలయాలు దాటేసి ఉండేవాళ్ళం. (దాటలేదు. ఆ యాత్రలో పక్కనున్న కొత్తచెరువే దాటలేదు. ఆ సంగతే చెప్పబోతున్నాను.)

తొంభైల చివరి మాట ఇది. ధర్మవరంలో మాది పట్టుచీరలు నేసే ఇల్లు. ఇంటరు గట్టెక్కి నేను నాయన పక్కన మగ్గం పని నేర్చుకుంటున్నాను. మగ్గం మీద ఒక పడుగు అయిపోయాక, కొత్త పడుగు పోగుల్ని పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా అతికేదాకా నేసేవాడికి పనుండదు. ఆ నాలుగైదు రోజులే మాకు సెలవులు. అయితే ఈసారి పడుగు దిగగానే నాకు వేరే మగ్గం పెట్టిస్తానని నాయన చెప్పేశాడు. ఇంట్లో రెండు మగ్గాలుంటే ఒకటి ఆగినా ఇంకొకటి ఆడుతూనే ఉంటుంది. అంటే రాబోయే ఆ నాలుగు రోజులే నా జీవితంలో చివరి ఖాళీ అని నాకు అర్థమైపోయింది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఏది అర్థమైనా అంత గట్టిగానే అర్థమవుతుంది.

సరిగ్గా అప్పుడే హిందూపురం నుంచి మా మేనమామ కొడుకు, అంటే మా బావ, గేరు సైకిలు వేసుకొని దిగాడు. బెంగళూరులో ఎవరో వాడి వదిలేసింది దుడ్లిచ్చి కొన్నానని గొప్పగా చెప్పాడు. గేర్లు పద్దెనిమిదని చెప్పాడు గానీ వాటిలో పనిచేసేవి రెండు. సైకిలుతోబాటు ఒక పాత ఇంగ్లీషు పత్రిక కూడా తెచ్చాడు. దాంట్లో ఎక్కడిదో ఎడారి దేశం, ఎర్రటి రాతిలోయలు, వాటి అంచుల్లో సైకిళ్ళ మీద ఎగురుతున్న మనుషులు. "ఇట్లాంటిది మనకాడే ఉండాది కదప్పా, గండికోట. పెన్నేరు కొండని కోసుకోని పోతాది. సైకిళ్ళ మీద పోయొస్తాం పా" అన్నాడు బావ. ఆ పత్రికలోని జాగ్రత్తలన్నీ మా అవ్వకు తెలుగులో చదివి వినిపించాడు. వానలుండవు, నేలంతా రాళ్ళు, ముళ్ళపొదలు తప్ప చెట్టుండదు, తాగే నీళ్ళు దొరకవు. అవ్వ వక్కాకు నములుతూ అంతా విని, "మన ఊరి సంగతి ఇంగ్లీషులో యాల రాసినారు?" అని అడిగింది.

నాయన వద్దనలేదు. అదే మా కొంప ముంచింది. "పోండి. అయితే చుట్టాల ఊరి మీద పోతా గడప తొక్కకుండా పోయినారని ఎవరన్నా నాతో అన్యారంటే మాత్రం బాగుండదు" అన్నాడు. మా వైపు చుట్టాలున్న ఊరి మీదుగా పోతూ వాళ్ళింట్లో కూర్చొని రెండు ముద్దలు తినకపోవడమంటే వాళ్ళను చెప్పుతో కొట్టినంత పని. ఒకసారి నాయన చీరల మూటతో లారీలో కనగానపల్లి మీదుగా ఆగకుండా పోయాడు. అక్కడి దాయాది ఒకాయన ఆ తర్వాత ఏ పెళ్ళిలో ఎదురుపడ్డా అందరికీ ఆకూవక్కా చేతికిచ్చి, నాయన వంతు వచ్చేసరికి, "నీకు తొందర పనులుంటాయిలేప్పా, పో" అనేవాడు. ఇదెంతకాలమంటే, ఆయన జుట్టు నెరిసేదాకా.

ఇక చూసుకోండి. మిగతా ప్రపంచంలో సాహసయాత్రికులు నీళ్ళున్న దారి వెతుకుతారట. మేము చుట్టాలు లేని దారి వెతికాం. పాత క్యాలెండరు కాగితం వెనక బావ దారులు గీసేవాడు. నేను ఊళ్ళ పేర్లు చదివేవాణ్ణి. అవ్వ కొట్టేసేది.

"ముదిగుబ్బలో మనోళ్ళెవరూ లేరు కదా అవ్వా?"

"లేకేం. మీ తాత చిన్నాయన మనవరాలిని ఆడికే ఇచ్చినాము."

"కదిరి మీద పోతే?"

"కదిరిలో చుట్టాలెందుకురా, నరసింహసామే ఉండాడు. ఆయప్పకి మొక్కకుండా దాటిపోతావా? మొక్కినాక ఆడ నా చెల్లెలి కోడలు ఊరికే పంపిస్తాదా?"

ఆమెకు తెలియని గడప ఆ జిల్లాలో లేదు. చివరికి తాడిమర్రి వైపు ఒక బండి దారి దొరికింది. ఆ దారిలో చుట్టాలు లేరు, ఎందుకంటే ఊళ్ళే లేవు. "ఇదీ అసలు ఎడారంటే" అని బావ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకైతే గండికోట అప్పుడే చూసినంత సంబరమైంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కొండ దారిలో తొక్కడం అలవాటు కావాలని బావ పట్టుబట్టాడు. పడుగు మీద ఇంకా ఒక చీర మిగిలి ఉండగా, ఒక ఆదివారం ఇద్దరం పెనుకొండ కొండకు బయల్దేరాం. బావ స్కూటరు హెల్మెట్టు పెట్టుకున్నాడు. (పత్రికలో అందరికీ హెల్మెట్లున్నాయి మరి.) నాది నాయన పాత సైకిలు, వెనక చీరల మూటలు కట్టే పెద్ద క్యారియరుతో. పెనుకొండకు దారి కొత్తచెరువు మీదుగానే. ఆ ఊళ్ళో బస్టాండు వెనకే మా మేనత్త ఇల్లు. ఆగితే ఆ పూటంతా పోతుందని నేను టవలు ముఖానికి చుట్టుకొని ఒక్క ఊపున ఊరు దాటించాను. దండయాత్రకు దారులు వెతకడానికి నెలలు తీసుకున్నవాణ్ణి, సొంత అత్త ఇంటి ముందు ఈ తెలివి చూపించాను.

పెనుకొండలో మేము కొండెక్కిన మాట నిజం. సైకిళ్ళు మా భుజాల మీద ఎక్కాయి. సగం దూరంలో మేకలు కాసే పెద్దాయన ఒకడు ఎదురై, "ఏమబ్బా, సైకిలు మోసుకోని ఎక్కుతాండారు, మొక్కుబడా?" అని అడిగాడు. కాదు, ప్రాక్టీసు అన్నాడు బావ. "అయితే పెద్ద మొక్కే" అని ఆయన మేకల్ని పక్కకు తోలి దారిచ్చాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి మేనత్త మా వసారాలో కూర్చొని ఉంది. మాకన్నా ముందు బస్సులో వచ్చేసింది. పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టింది పెట్టినట్టే ఉంది. నావైపు చూడకుండా నాయనతో చెప్తోంది. "నెత్తిన కుండ బోర్లించుకోని ఒకడు, మొగానికి గుడ్డ చుట్టుకోని ఒకడు పోతాంటే దొంగలనుకున్యానన్నా. సైకిలు చూసి గుర్తుపట్టినా. ఆ క్యారియరు మీద కూచోబెట్టుకోని కదా నువ్వు నన్ను బడికి తీసకపోతాంటివి." ఇంతే అంది. తిట్టి ఉంటే నయం. నాయన నన్ను ఒక చూపు చూశాడు. తీర్పు అక్కడికక్కడే అయిపోయింది. పడుగు దిగగానే ముందు కొత్తచెరువుకు పోయి అత్త చేతి అన్నం తినాలి. ఆ తర్వాత గండికోటకు పోతామో కాశీకి పోతామో మా ఇష్టం. "ఉత్తరానికి పోయేకి దక్షిణానికి బయల్దేరాలనా?" అని బావ గొణిగాడు గానీ, గట్టిగా అనే ధైర్యం వాడికీ లేదు.

పడుగు దిగింది. తొలిరోజు అత్త నాటుకోడి కోసి రాగిసంగటి పెట్టింది. ఆ భోజనం తర్వాత సైకిలెక్కగలిగిన మగవాడు ఇంకా పుట్టలేదు. రెండోరోజు పొద్దున్నే టైర్లకు గాలి కొడుతుంటే, "నిన్న మా ఇంట్లో తింటిరి, ఈ పొద్దు పక్కనే ఉండే మా మరిది ఇంట్లో తినకుంటే వాళ్ళేమనుకుంటారు?" అంది. అక్కడ ఓళిగలు (మీ వైపు బొబ్బట్లంటారు). మూడోరోజు శనివారం, దూరప్రయాణం పనికిరాదట. బావ హెల్మెట్టు తలకింద పెట్టుకొని పడుకొని, "గండికోట యాడికీ పోదులేరా, ఓళిగలు చల్లారిపోతాయి" అన్నాడు. పథకం వేసినవాడే ఇట్లా అంటే ఇక నేనేం చెయ్యను. నాలుగోరోజు బస్సు కండక్టరు చేత నాయన కబురు పంపాడు, అతుకు పని అయిపోయింది, రమ్మని. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి చైను సర్దుతున్నట్టు వంగాను. అత్త గమనించి, "యాలప్పా మొగం అట్ల పెట్టుకున్యావు? రాళ్ళ మధ్య గుంతే కదా అది. మీ నాయన మగ్గంలో కాళ్ళు పెట్టుకునే గుంతకంటే రవ్వంత పెద్దగా ఉంటాదేమో" అంది. ఆ క్షణంలో ఆమె మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. క్యారియరుకు ఆమె కట్టిన చెనిక్కాయల మూటను మాత్రం దార్లోనే ఖాళీ చేశాను.

పదేళ్ళు గడిచాక, నా మగ్గానికి ఒక పండగ సెలవు దొరికినప్పుడు, బావ కొన్న సెకండ్‌హ్యాండు కారులో ఇద్దరం గండికోటకు పోయాం. ఊళ్ళను తాకకుండా పక్కనుంచే పోయే కొత్త తారురోడ్డు, కారుకు నల్లటి అద్దాలు. మేము వేసవంతా వెతికిన చుట్టాలు లేని దారి చేతికందింది. మధ్యాహ్నానికల్లా లోయ అంచున నిలబడ్డాం. పత్రికలో చూసినట్టే ఎర్రటి రాయి, కింద పెన్నేరు. చాలా గొప్పగా ఉంది, అబద్ధమెందుకు. బావ ఫొటోలు తీశాడు. బిస్కెట్లు తిన్నాం. తిన్నారా అని అడిగేవాళ్ళెవరూ లేకపోవడం మొదట హాయిగా ఉండి, కాసేపటికి ఏదోలా అనిపించింది. తిరుగుదారిలో నేను ధర్మవరంలో దిగాల్సినవాణ్ణి. దిగుతానని నేను అనలేదు, ఆపుతానని బావా అనలేదు. కారు కొత్తచెరువు బస్టాండు వెనక ఆగింది.

అత్త సంగటి కెలుకుతూనే, "చూసొస్తిరా? ఎట్లుండాది?" అని అడిగింది.

చెప్పడానికి చాలా మాటలు వెతికాను. "పెద్ద గుంత అత్తా" అన్నాను.

"నేను ఆ పొద్దే చెప్తి" అని ఇంకో ముద్ద వేసింది. తర్వాత వాకిట్లో కారు వైపు, అక్కడినుంచి నా బొజ్జ వైపు చూసి, "ఆ సైకిలేమాయె?" అంది.

"ఉండాది. టైర్లు పోయినాయి."

"టైర్లు ఏయించుకోని రా. ఎనక కూచోబెట్టుకోని నన్ను బడిదాకా ఒకసారి తిప్పకరా."

నన్ను మళ్ళీ ధర్మవరంలో దింపేదాకా దారంతా నేనూ బావా అదే మాట్లాడుకున్నాం. ముందు టైర్లు, తర్వాత బ్రేకులు, కొత్తచెరువులో రాత్రికి ఆగి పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, అత్తను వెనక ఎక్కించుకొని ధర్మవరంలో ఆమె చదివిన బడికి. ఇదంతా అనుకొని చాలా కాలమైంది. సైకిలు ఇంకా గోడకు ఆనుకొనే ఉంది. పథకం మాత్రం దివ్యంగా ఉంది.