రెండో జత కళ్ళు

మా హాల్లో తూర్పు గోడకు నేను అంటించిన నల్ల చుక్క శనగగింజంత ఉంటుంది. హన్మకొండలో మాకూ పక్కింటికీ ఆ గోడ ఒక్కటే. చుక్కకు అటువైపు పక్కింటి పిన్ని వంటగది. పొద్దున ఆరింటికి నేను రైఫిల్ గురిపెట్టే వేళకు ఆమె చట్నీకి పోపు వేస్తుండేది. ఆవాలు చిటపటలాడటం నాకు వినబడేది. తూటా లేని ఒట్టి తుపాకే కదా, భయమెందుకు అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. అయినా ట్రిగ్గర్ మీద వేలు పెట్టిన ప్రతిసారీ ఆమె వీపు ఆ చుక్కకు ఎంత దూరంలో ఉందో అనిపించేది.

మా పోటీల్లో చాప మీద పడుకుని తాపీగా కాల్చడం కుదరదు. తొంభై సెకన్లలో నిచ్చెన మెట్టు మీద నుంచి, డ్రమ్ము మీద నుంచి, ఇసుక సంచీ ఆసరాతో ఎక్కడో దూరంగా వేలాడే ఇనుప పలకలను కొట్టాలి. పరకాల దాటాక ఉన్న రేంజ్‌కి నెలకోసారి పోవడమే గగనం. మిగతా రోజులు ఇంట్లోనే, తూటా లేకుండా, కుర్చీ మీదా స్టూలు మీదా రైఫిల్ ఆనించి ట్రిగ్గర్ నొక్కడమే సాధన. దానికి మా కోచ్ పెట్టిన షరతు ఒక్కటే. రైఫిల్ బోల్టు తెరిచి, లోపల తూటాల అరలో ఏమీ లేదని రెండు జతల కళ్ళు చూడాలి. ఇద్దరూ పైకి "ఖాళీ" అనాలి.

రెండో జత కళ్ళు నాయినవి. ముప్పై అయిదేళ్ళు రైలింజన్ నడిపి, నాలుగేళ్ళ కింద దిగిపోయిన మనిషి. ఇంజన్లో ఒకరు సిగ్నల్ రంగు అరిస్తే రెండోవాళ్ళు చూసి మళ్ళీ అరవాలి. అందుకని ఈ పని ఆయనకు పండగే. నాకంటే ముందు లేచి, మొహం కడుక్కుని కూర్చునేవాడు.

ఆ రోజు, రేంజ్ నుంచి వచ్చిన మర్నాడు, స్టవ్ మీద పాలు పెట్టి వచ్చాను. మనసంతా అక్కడే ఉంది. బోల్టు తెరిచి, సరిగా చూడకుండానే "ఖాళీ" అన్నాను. రైఫిల్ ఆయన ముందు పట్టాను.

"ఖాళీ!" అన్నాడు నాయిన ఖంగుమని.

బోల్టు తోశాను. బరువుగా కదిలింది. ఒట్టి బోల్టు అలా కదలదు. నా చెయ్యి ఆగిపోయింది. మెల్లగా వెనక్కి లాగి రైఫిల్ వంచితే ఇత్తడి తూటా బండల మీద పడి దొర్లింది. నిన్న రేంజ్‌లో కాల్చగా తూటాల అరలో మిగిలిపోయినది, అసలుది. గోడ అవతల పిన్ని ఫోన్లో ఎవరితోనో నవ్వుతోంది.

మొదటి తప్పు నాదే. అది తెలిసే కోపమంతా ఆయన మీదికి తిప్పాను. నా నోరు అంత మంచిది.

"కండ్లు యాడ పెట్టుకున్నవ్ నాయినా? గంత తూటా కనవడలేదా? పిన్ని పానం పోయేది!"

"నువ్వు ఖాళీ అన్నవు గద బిడ్డా. అందుకే నేను గూడ అన్న."

తూటా తీసి ఆయన మొహం ముందు పట్టుకున్నాను. "గిదేంది? చెప్పు."

ఆయన నా చేతి వైపు చూడలేదు. నా గొంతు వచ్చిన వైపు చూశాడు.

"కండ్లకు మంచు పట్టినట్టుంటది," అన్నాడు.

"దవాఖానకు పోదామన్నప్పుడల్లా నాకేమైంది, మంచిగనే ఉన్న అంటివి గద! ఎప్పటి సంది?"

"కండ్లు పోయినయంటె బండి మీదికెల్లి దింపుతరు బిడ్డా. దిగినంక చెప్దామంటె, ఎప్పటి సంది అని గిట్లనే అడుగుతరని భయం."

స్టూలు మీద కూలబడ్డాను.

"నౌకరీ ఆఖరు ఏడాది సంది," అన్నాడు, నేను మళ్ళీ అడగకముందే. "కండ్ల పరీక్షకు బోర్డు మీది అక్షరాలు బట్టీ కొట్టిన. సిగ్నల్ రంగు నా పక్కన అసిస్టెంట్ డ్రైవర్ అరుస్తుండె. నేను చూడకుంటనే అదే మళ్ల అంటుంటి."

ఆ ఏడాది నేను నెక్కొండలో బడి పంతులమ్మను. రోజూ ప్యాసింజర్లో పోయేదాన్ని. నాయిన డ్యూటీ పడిన రోజు, బండి వరంగల్ స్టేషన్లోకి వస్తుంటే ఆయన ఇంజన్లోంచి చెయ్యి ఊపేవాడు. తోటి టీచర్లకు గొప్పగా చూపించి, ఎగిరెగిరి నేనూ ఊపేదాన్ని. తర్వాత అందరం ఆ బండే ఎక్కేవాళ్ళం.

"ప్లాట్‌ఫాం మీద నేను కనవడేదాన్నా నాయినా?"

"ఏడ కనవడుతవు," అన్నాడు. "ఉంటవని తెల్సు గద. ఊపేటోన్ని."