జొన్నపిండి చాక్లెట్ కేకు

కింది ఇంటి అక్క పోయింది. మొన్న పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి, “అమ్మ పోయింది చిన్నమ్మా” అన్న ఒక్కమాట చెప్పి ఫోన్ పెట్టేసింది. అక్కకు గుండె జబ్బని తెలుసు, దవాఖాన చుట్టూ తిరుగుతోందనీ తెలుసు. తెలిసినంత మాత్రాన ఏమవుతుంది? స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా అలాగే చూస్తూ నిలబడ్డాను.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో అక్క వాళ్లింటి మేడమీద అద్దెకు దిగాం. ఆమెది నల్లగొండ దగ్గర పల్లె. బావగారు లారీ నడిపేవారు. నేను కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని. వచ్చిన ఏడాదే ఎందుకో చిక్కి సగమయ్యాను. ఏం తిన్నా కడుపునొప్పే. ఎన్నో పరీక్షల తర్వాత సీలియాక్ జబ్బని తేల్చారు. గోధుమ పేగులకు పడదు, పిండి రవ్వంత తగిలినా లోపల పుండే, బతికినంతకాలం ముట్టకూడదు అన్నాడు డాక్టరు. చపాతీ పోయినందుకు నాకు బాధ లేదు. చాక్లెట్ కేకంటే మాత్రం చిన్నప్పటినుంచీ ప్రాణం. మెట్లమీద కూర్చుని ఆ సంగతి చెబితే అక్క నవ్వలేదు.

“మైదాతోని గాకుంటే ఇంకోదాంతోని కాదా? జొన్నపిండి లేదా మన దగ్గర?”

“జొన్నపిండితో కేకేంటక్కా!”

“జేసి చూస్తే గద తెలిసేది.”

కుక్కర్‌లో ఇసుక పోసి, రబ్బరూ విజిలూ తీసేసి, లోపల జొన్నపిండి, కోకోపొడి కలిపిన గిన్నె పెట్టి చేసింది. మొదటిది కత్తి దిగనంత గట్టిగా వచ్చింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “గిది కేకు గాదు చెల్లె, పిడక” అంది. తర్వాత బియ్యప్పిండి కలిపింది. కొత్తపేట మార్కెట్టు నుంచి బాగా మాగిన అరటిపండ్లు తెచ్చి మెదిపి వేసింది, గుడ్లు నురగొచ్చేదాకా గిలకొట్టింది. ఈసారి మెత్తగా, నల్లగా పొంగింది. ఆనందంగా తిన్నాను. ఆ సాయంత్రానికే మంచమెక్కాను.

తప్పు ఎక్కడ జరిగిందో ఇద్దరం కూర్చుని వెతికాం. జొన్నలు పట్టించిన గిర్నిలోనే గోధుమలూ పడతారు. జల్లెడ కూడా చపాతీపిండి జల్లించేదే. అక్క మొహం చిన్నబోయింది. “నా చేతులతోని నీకు ఇషం పెట్టిన గదనే” అని కళ్లొత్తుకుంది. ఆ మర్నాడే కొత్త జల్లెడ, కొత్త గిన్నె కొంది. అప్పటినుంచీ జొన్నలు కడిగి ఆరబెట్టి ఇంట్లో మిక్సీలోనే పట్టేది. ఆ మిక్సీ గిన్నెను ఇంట్లో వాళ్లెవరైనా ముడితే ఊరుకునేది కాదు. “గది చెల్లెది” అనేది.

అవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. బందులు, ఊరేగింపులు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఆడవాళ్లు రోడ్డుమీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే అక్క అందరికంటే ముందుండేది. నేను మేడమీద కిటికీలోంచి ఆ నినాదాలు వినేదాన్ని. ఊరినుంచి ఫోన్లు వచ్చేవి, ‘అక్కడెందుకు, వచ్చేయండి’ అని. మా ఆయన కూడా వేరే చోట ఇల్లు చూద్దామనేవారు.

అప్పుడే మా తమ్ముడు వచ్చాడు. మెట్లు దిగుతూ, అక్క గుమ్మంలో ఉండటం చూసి కూడా, “రోడ్లమీద అన్నం వండుకుంటే రాష్ట్రాలొచ్చేస్తాయా?” అని గట్టిగా నవ్వాడు. నేను మందలించేలోపే అక్క తలుపు వేసుకుంది. తర్వాత చాలా రోజులు మా మధ్య మాటల్లేవు. క్షమించమని అడగడానికి రెండుసార్లు దిగాను, తలుపు తీయలేదు. ఇక ఖాళీ చేయడమే మంచిదనుకున్నాం.

నా పుట్టినరోజున బందు. దుకాణాలన్నీ మూసేశారు. మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాను. ఎండలో నినాదాలిచ్చి గొంతు బొంగురుపోయిన అక్క, చీర కుచ్చిళ్లకు రోడ్డు మసి, చేతిలో మూతపెట్టిన గిన్నె.

“మావాడన్న మాటకు...” అన్నాను.

“కోపం నీ తమ్ముని మీద. కేకు నీకు. రెండు కలుపకు.”

“రాష్ట్రం వస్తే మమ్మల్ని వెళ్లిపొమ్మంటారా అక్కా?” మా ఆయన లోపల్నుంచి అడిగారు.

అక్క గుమ్మంలోనే కూలబడింది. “మా రాష్ట్రం మాకు గావాలె తమ్మీ. గది నేను ఇడువ. నా పిల్లలకు నౌకరీలు లేకపాయె, మా ఊళ్లె నీళ్లు లేకపాయె. గని మిమ్ముల పొమ్మని నేనెప్పుడన్న అన్ననా? మీరు పోతే గీ జొన్న కేకు ఎవలు తింటరు?” అని, నా వైపు తిరిగి, “కొయ్యవే, నిలబడ్డవేంది” అంది.

ఇల్లు ఖాళీ చేసే మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు సందంతా టపాకాయలు, డప్పులు. అక్క ఆడి ఆడి చెమటతో పైకొచ్చింది. నాకా రోజు సంతోషమో దిగులో తేల్చుకోలేని స్థితి. ఆమెకది కనబడింది. చేతిలో లడ్డూల డబ్బా ఉన్నా అది తెరవకుండా, కొంగు ముడిలోంచి బెల్లం ముక్క తీసి నా నోట్లో పెట్టింది. “లడ్డుల ఏం కలిపిండ్రో తెల్వదు. నీకు గిదే” అంది. ఊరంతా పండగలో ఉన్నా నా పేగులు గుర్తున్నాయి ఆమెకు. అప్పుడు ఏడ్చాను. ఎందుకని ఇప్పటికీ చెప్పలేను.

తర్వాత మేం తుర్కయంజాల్‌లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాం. నా పుట్టినరోజుకు అక్క బస్సెక్కి వచ్చేది. జబ్బు ముదిరి ఇక రాలేనన్నాక నేనే వెళ్లేదాన్ని.

చివరిసారి వెళ్లినప్పుడు మేడమీద ఎండలో ఉందని చెప్పారు. చప్పుడు చేయకుండా ఎక్కాను. ఒళ్లో చాట, చాట నిండా జొన్నలు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. మధ్యమధ్య ఒక గింజ ఏరి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఎండకు ఎత్తి తిప్పి తిప్పి చూస్తోంది. గోధుమ గింజ అని తేలితే పిట్టగోడ మీదుగా అవతలికి విసురుతోంది. కింద రేకుల మీద పావురాలు గుంపుగా చేరి, తలెత్తి ఆ చేతి వైపే చూస్తున్నాయి.